నల్లదిన్నె తూర్పు, నల్లదిన్నె పడమర

నేను చేసిన ప్రయాణం అసలు ప్రయాణమే కాదని ప్రభుత్వం వారు నాకు రాతపూర్వకంగా తెలియజేశారు. కింద ఆకుపచ్చ సిరాతో సంతకం, పక్కన గుండ్రటి ముద్ర కూడా ఉన్నాయి. అంత గట్టిగా చెప్పాక కాదనడానికి నేనెవర్ని? ఒప్పుకున్నాను. కాకపోతే ఆ ప్రయాణం ఎలా జరగలేదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పుకురావాలి.

నా పేరు కంబగిరి. అనంతపురంలో కళ్లజోళ్ల షాపు. వారానికి ఆరు రోజులు ఊళ్లోవాళ్ల చేత గోడ మీది అక్షరాలు చదివిస్తాను. ఏడో రోజు మెకానిక్ దస్తగిరి షెడ్డులో కారు కింద పడుకుంటాను. మొదటిది నా వృత్తి, రెండోది నా జబ్బు. జబ్బు అన్నది మా ఆవిడ మాట. పదకొండేళ్ల కిందట ఒక చిన్న ఎర్ర కారు పాతది కొన్నాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేనూ దస్తగిరీ దాన్ని విప్పడం, బిగించడం, బిగించాక మిగిలిన నట్టు ఎక్కడిదా అని మళ్లీ విప్పడం. ఈ పదకొండేళ్లలో దాని ఇంజను కొత్తదానికంటే బాగుపడింది. అడుగుభాగం మాత్రం తుప్పు తినేసింది.

దాని రిజిస్ట్రేషన్ మార్చి ముప్పై ఒకటితో ముగుస్తుంది. ఆ అడుగు చూసి ఎవరూ పొడిగించరు. అంటే ఆ తర్వాత తుక్కు యార్డే.

"అన్నా, ఇది పొయ్యేలోగా ఒగసారన్నా దీన్ని ఇడిచిపెట్టల్లన్నా," అన్నాడు దస్తగిరి. "పదకొండేండ్లు మేపినాం. ఒగదినమూ పరిగెత్తనీలేదు."

నిజమే. రోడ్డు మీద అడ్డదిడ్డంగా తోలే రకం కాదు నేను. ఎదురుగా వచ్చేవాళ్లలో సగం మంది నా దగ్గర కళ్లజోడు చేయించుకోవలసినవాళ్లే, ఇంకా చేయించుకోలేదు. అందుకని ఎప్పుడూ అరవైలోనే పోయేవాణ్ణి. సరిగ్గా అప్పుడే మా జిల్లాకి రేస్ ట్రాక్ వచ్చింది.

వేగమే ప్రగతి అని పైవాళ్లకి ఆ ఏడు గట్టిగా తోచింది. తోచిన నెలలోనే నల్లదిన్నె ఊరి పక్క మూడు కిలోమీటర్ల ట్రాకు, పదకొండు మలుపులతో, కన్ను తిప్పుకోలేనంత నున్నగా వేశారు. దాన్ని నడపడానికి బండ్ల సంగతి తెలిసినవాళ్లు కావాలి. వెతగ్గా, బస్సు డిపోల్లో అదనంగా ఉన్న సిబ్బంది దొరికారు. మేనేజరుగా విరూపాక్షయ్య గారు వచ్చారు. ఆయన డ్రైవరుగా చేరి డిపో మేనేజరు దాకా ఎదిగిన మనిషి. మలుపుల దగ్గర జెండాలు పట్టుకోవడానికి కండక్టర్లు వచ్చారు. ప్రతి రెండో, నాలుగో శనివారం ఎవరైనా సొంత బండి తెచ్చుకుని తోలవచ్చు.

లెక్క వేసుకున్నాను. ముప్పై ఒకటిలోగా నాలుగు శనివారాలున్నాయి. నాకు కావలసింది ఒక్క చుట్టు. గేటు దగ్గర బయలుదేరి, పదకొండు మలుపులూ తిరిగి, గేటు దగ్గరికి రావాలి. జీవితంలో అంతకు మించి నేనేమీ అడగలేదు.

ఫిబ్రవరి రెండో శనివారం పొద్దున్నే పోయాం. విరూపాక్షయ్య గారు ఒక కాగితం ఇచ్చారు. డిపోలో డ్రైవర్లు నింపే ట్రిప్పు షీటే అది. పైన పేరు మాత్రం మార్చారు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ప్రయాణ ఉద్దేశం అని మూడు గడులు. మొదటి గడిలో నల్లదిన్నె ట్రాక్ అని రాశాను. రెండో గడిలోనూ అదే రాశాను. మూడో దాంట్లో వేగంగా పోవడానికి అని రాశాను.

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశారు. "ఈడనించి ఈడికేనా సార్?"

"అవునండి. చుట్టు తిరిగి వస్తాను."

"పోతాండేది వేగంగానే. కానీ యాడికి?"

"ఎక్కడికీ కాదండి. ఊరికే."

"ముప్పై రెండేండ్ల సర్వీసులో ఇట్లాంటి ట్రిప్పు షీటు నేను చూల్లేదు సార్," అన్నారాయన, నొచ్చుకున్నట్టుగా. "నేను తోలిన్నాళ్లూ బస్సుకి వేగం పెరగనీకుండా గవర్నరు బిగించినారు. అరవై దాటితే ఇంజను మూలిగేది. ఒగసారి దాటించి చూడల్లని మాకు మాత్రం ఉండదా? అయినా యాడికో ఒగ తావుకి పోయేవాళ్లం." అని, మంచి మనిషి కాబట్టి, సంతకం పెట్టారు.

గీత దగ్గర నిలబడ్డాను. పచ్చ దీపం అక్కర్లేకపోయింది. కండక్టరు విజిల్ ఊది, కారు వెనక డిక్కీ మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్, రైట్" అన్నాడు.

మొదటి మలుపు భయంతోనే పోయింది. "మలుపుకి ముందరే బ్రేకు తొక్కల్లన్నా, మలుపులో తొక్కితే బండి నీ మాట ఇనదు" అని దస్తగిరి చెప్పింది రెండో మలుపులో అర్థమైంది. మూడో మలుపులో టైర్లు సన్నగా కూశాయి. నాలుగో మలుపులో నేను తిప్పకముందే కారు తిరిగినట్టయింది. స్టీరింగు చేతుల్లో బరువెక్కి, తేలికైపోయి, మళ్లీ బరువెక్కింది. పదకొండేళ్లుగా నాకు తెలిసిన బండి కాదది. ఐదో మలుపు దాటాక నాకు తెలియకుండానే నవ్వుతున్నాను. నలభై తొమ్మిదేళ్ల వయసులో, హెల్మెట్ లోపల, ఒక్కణ్ణే. అంత సంతోషం పెళ్లిలో కూడా పడలేదని మా ఆవిడకి చెప్పలేదు.

ఆరో మలుపు దగ్గర ఎర్ర జెండా పడింది. విజిళ్లు మోగాయి. ప్రమాదమేమో అని ఆపాను. ప్రమాదమే. తనిఖీ అధికారి వచ్చారు. తనిఖీ వస్తే దారిలో ఉన్న బండి ఉన్నచోట ఆగాలన్నది డిపో ఆచారమట. కారు అక్కడే వదిలి, హెల్మెట్ చేతపట్టుకుని ఆఫీసుకి నడిచాను.

తనిఖీ అధికారి అంబుజాక్షి గారు రికార్డు మొత్తం ముందేసుకుని కూర్చున్నారు. ఆవిడ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"విరూపాక్షయ్య గారూ, గత మూడు మాసాలలో సదరు ప్రాంగణం నుండి నాలుగు వందల పన్నెండు వాహనాలు బయలుదేరినట్లు రికార్డు వలన తెలియుచున్నది. యావత్తు వాహనాలూ బయలుదేరిన చోటికే చేరినవి. అవునా?"

"అవును మేడం."

"అనగా మూడు మాసాలుగా ఎవరూ ఎక్కడికీ పోలేదు."

విరూపాక్షయ్య గారు ఆలోచించారు. "పోలేదు మేడం," అన్నారు.

నేను ఊరుకోలేక కలగజేసుకున్నాను. "మేడం, రేస్ ట్రాక్ అంటేనే చుట్టు కదండీ. చుట్టు తిరగడమే దాని పని."

"ప్రజలు ముందుకు పోవాలనే సదుద్దేశంతో ప్రభుత్వం వారు దీన్ని నిర్మించారు. చుట్టూ తిరగడానికి కాదు. గానుగెద్దు కూడా పొద్దస్తమానం నడుస్తుంది. దానికి ట్రిప్పు షీటు ఇస్తామా?"

"మరి మీరు పొద్దున ఇంటి నుంచి బయలుదేరి సాయంత్రం ఇంటికే పోతారు కదండీ?"

"పోవడం ఒక ప్రయాణం, రావడం మరొక ప్రయాణం. నా టూరు డైరీలో విడివిడిగా నమోదై ఉంటాయి," అన్నారావిడ.

నాలుగో శనివారానికి పోతే ట్రాకు రెండు ఊళ్లయింది. గేటు దగ్గర "నల్లదిన్నె తూర్పు" అని పసుపు బోర్డు వెలసింది. ఆరో మలుపు దగ్గర "నల్లదిన్నె పడమర" అని ఇంకొకటి. రెండు చోట్లా వెయిటింగ్ షెడ్డు, సిమెంటు బెంచీ, మంచినీళ్ల కుండ, గొలుసుతో కట్టిన గ్లాసు. తూర్పు నుంచి పడమరకి పోవచ్చు. అక్కడితో ప్రయాణం సమాప్తం. ఆరో మలుపు అవతల రోడ్డుకి అడ్డంగా ఇనుప గొలుసు కట్టారు. మిగతా ఐదు మలుపులూ, పొడుగాటి దారీ బయలుదేరిన చోటికే తీసుకుపోతాయి కాబట్టి వాటికి అనుమతి లేదు. మరి కారు వెనక్కి రావడం ఎలాగంటే, పడమటి గేటు తీసి బయటికి పంపుతారు. కంచె చుట్టూ మట్టిరోడ్డు మీద, వంకలో దిగి, ఏడు కిలోమీటర్లు వచ్చి తూర్పు చేరాలి.

అంతటితో అయిందా? ఉద్దేశం గడిలో ఊరికే అని రాయకూడదని ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ కార్యము, వైద్యము, శుభాశుభ కార్యములు, వ్యవసాయము. ఈ నాలుగే చెల్లుతాయి. నా ముందు గుంతకల్లు పళ్ల డాక్టరు ఒకాయన, నేలకి జానెడెత్తున ఉన్న కారుతో, పడమరలో పెళ్లి అని రాసి శుభలేఖ జతచేశాడు. శుభలేఖ లేనివాళ్లకి అక్కడే గేటు బయట బండి మీద అమ్ముతున్నారు. పడమట ఇన్‌చార్జిగా ఉన్న కండక్టరు తిప్పన్న ధ్రువీకరించాలి కాబట్టి, పెళ్లి ఉన్నట్టు కనబడడానికి ఆయన షెడ్డుకి మామిడాకులు శాశ్వతంగా కట్టి ఉంచాడు.

నేను అబద్ధం రాయలేదు. కంటి పరీక్ష అని రాసి, పెట్టె తీసుకుపోయాను. ఐదున్నర మలుపులు తోలి, పరుగు అందుకునే చోట బ్రేకు తొక్కి దిగి, తిప్పన్న కళ్లు పరీక్షించాను. పాపం, దగ్గరి చూపు బొత్తిగా లేదు. ఇన్నాళ్లూ ట్రిప్పు షీటు తలకిందులుగా పట్టుకుని సంతకం చేస్తున్నాడు. మర్నాడే కళ్లజోడు పంపించాను. అది నేను చేసిన పెద్ద పొరపాటు. అప్పటిదాకా కనబడని నిబంధనలు ఆయనకి వరసగా కనబడడం మొదలైంది.

మార్చి రెండో శనివారం నాటికి మూడో ఉత్తర్వు వచ్చింది. రెండు ఊళ్లన్నాక, దారి అన్నాక, నల్లదిన్నె జనం ఊరుకుంటారా? నిజానికి ఆ ట్రాకు వాళ్ల బండిబాట మీదే వేశారు. ఇళ్లు తూర్పున, చేలు పడమట. కంచె పడ్డప్పటి నుంచీ దాని చుట్టూ ఏడు కిలోమీటర్లు నడిచి చేలకి పోతున్నారు. దారి ఇమ్మని పెట్టుకున్న అర్జీలకి జవాబు రాలేదు. ఇప్పుడు తూర్పు షెడ్డులో తట్టలతో, కొడవళ్లతో కూర్చున్నారు. అంబుజాక్షి గారు వాళ్లని చూసి చలించి, ఖాళీ సీటుతో పోవడం జాతీయ వనరుల దుర్వినియోగమని రాశారు. కాబట్టి ప్రతి రేసు బండీ సీట్లు నింపుకునే పోవాలి. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఉంటే ప్రతి మలుపులోనూ ఆపాలి. వాళ్ల బాట మింగిన సంగతి ఎవరూ రాయలేదు. అయినా వాళ్లకి బండి దొరికింది. పళ్ల డాక్టరు కారులో రెండు మేకపిల్లలు ఎక్కడం నేను కళ్లారా చూశాను.

నా పక్క సీట్లో మారెక్క అనే ముసలావిడ ఎక్కింది. డెబ్బై ఏళ్లుంటాయి. ఒళ్లో సద్దిమూట. వెనక ముగ్గురు. ఒకటో మలుపులో ఒకరు దిగారు, ఇద్దరు ఎక్కబోయారు. మూడో మలుపులో వాళ్ల కుక్క చిల్లంగి కోసం ఆగాం. ఐదు మలుపులకి ఇరవై రెండు నిమిషాలు.

"మా పాతబాటన నడిచింటే ఈపాటికి చేన్లో ఉందును," అంది మారెక్క. "బిన్నా పోనీ నాయనా. పెద్ద పరుగు బండ్లని చెప్తిరే."

"పోనివ్వడం లేదు కదవ్వా," అన్నాను. ఎందుకో ఆవిడకి అంతా చెప్పాను. ముప్పై ఒకటి సంగతి, తుక్కు యార్డు సంగతి, ఒక్క చుట్టు సంగతి. మా ఆవిడ దగ్గర కూడా అంత చెప్పుకోలేదు.

ఆవిడ సద్దిమూట ముడి బిగించింది. "మా ఎద్దును అమ్మేనాడు కట్టు ఇప్పి చేన్లో ఇడిచిపెట్టినా," అంది. "చేనంతా ఒగ సుట్టు తిరిగి నాకాడికే వచ్చె. అప్పుడు పలుపు కొన్నోని చేతికిచ్చినా."

నేను కళ్లు తుడుచుకోలేదు. డ్రైవింగులో ఉన్నాను.

చివరి శనివారం మార్చి ఇరవై ఎనిమిది. దస్తగిరి తెల్లారకముందే కారు కడిగి, నిమ్మకాయలు కట్టి తెచ్చాడు. తొక్కించడానికి కాదు, దానికి గౌరవమని. ఆ రోజు సంత, ఊరంతా అటే పోయింది. తూర్పు షెడ్డులో మారెక్క ఒక్కతే కూర్చుని ఉంది. ఒకే ప్రయాణికురాలు, దిగేది ఆఖరి స్టాపులో. కాబట్టి మధ్యలో ఆపే పని లేదు. ఉద్దేశం గడిలో వ్యవసాయము అని రాశాను. విజిల్, రెండు దెబ్బలు, రైట్ రైట్.

ఆరో మలుపు దాకా ఎక్కడా ఆగలేదు. పడమర బోర్డు దగ్గర ఆపాను. తలుపు తీశాను. ఆవిడ దిగలేదు.

"నాయనా, కొడవలి ఇంట్లో మర్సిపోతి. నన్ను ఇంటికాడ ఇడ్సు."

ఒళ్లో సద్దిమూట లోంచి కొడవలి పిడి బయటికి కనబడుతూనే ఉంది.

తిప్పన్న వచ్చాడు. మెళ్లో నేనిచ్చిన కళ్లజోడు తాడు వేలాడుతోంది. జోడు పెట్టుకుని ఉత్తర్వులు తిరగేశాడు. "మరచిన వస్తువు తెచ్చుకొనుట అనేది లిస్టులో లేదు సార్. వెనక్కి పొయ్యేది మట్టిరోడ్డే. గొలుసు తియ్యకూడదని ఈడ రాసినారు. మూడో పేరా."

"తిప్పన్నా, ముసల్ది ఎండన పడిపోతుందప్పా," అంది మారెక్క.

"నాకు తెల్సవ్వా. కనబడతాంది కదా, ఏం జేద్దును?"

అప్పుడు ఆయన జేబులోని వైర్‌లెస్ గరగరలాడింది. తూర్పున మిద్దె మీది నుంచి విరూపాక్షయ్య గారు దుర్భిణితో చూస్తున్నారు. "ఏమైంది తిప్పన్నా?"

తిప్పన్న అంతా చెప్పాడు. నా ఆశ పూర్తిగా పోయింది. కారు ఆపేద్దామని తాళంచెవి మీద చెయ్యి కూడా వేశాను.

"తిప్పన్నా, నీకు మూడో పేరా కనబడతాందా?"

"కనబడతాంది సార్."

"కండ్లద్దాలు తియ్యప్పా."

తిప్పన్న జోడు తీశాడు. కాగితాన్ని దగ్గర పెట్టి, దూరం పెట్టి చూశాడు.

"ఇప్పుడు?"

"ఏం కనబడ్లేదు సార్."

"మరి లేని రూలుకి గొలుసెందుకు?"

తిప్పన్న గొలుసు దించాడు. డిక్కీ మీద రెండు దెబ్బలు కొట్టాడు.

ఏడో మలుపు ఎడమకి. ఎనిమిది కుడికి, దిగుడు. ఎవరూ తోలక నెల్లాళ్లయి రోడ్డు మీద ఎర్ర దుమ్ము పేరుకుంది. వెనక మేఘంలా లేచింది. తొమ్మిదిలో తోక కొంచెం జారింది, జారి తిరిగి దారికొచ్చింది. "ఇంగా బిన్నా," అంటోంది మారెక్క, ఒక చేత్తో సద్ది, ఒక చేత్తో డాష్‌బోర్డు పట్టుకుని. పది, పదకొండు. ఆ తర్వాత గేటు దాకా మలుపు లేని దారి. కాలు నేలకి ఆనేదాకా తొక్కాను. ముల్లు నూట నలభై దాటి వణికింది. పదకొండేళ్ల ఆదివారాలు ఆ శబ్దంలో నాకు వినబడ్డాయి. గీత దాటాను. బయలుదేరిన చోటికే వచ్చాను. ఆగాక ఇంజను టిక్కు టిక్కుమంటూ చల్లారుతుంటే దస్తగిరి బానెట్ మీద చెయ్యి పెట్టి, తల తిప్పుకుని నిలబడ్డాడు. మారెక్క దిగి, కొడవలి సర్దుకుని, కంచె చుట్టూ చేనికి నడిచిపోయింది. రమ్మన్నా ఎక్కలేదు. తన పని అయిపోయిందట.

విరూపాక్షయ్య గారు జరిగింది జరిగినట్టు రాసి పైకి పంపితే, రెండు రోజుల్లోనే నాకూ జవాబు వచ్చింది. నేను మొదట చెప్పిన కాగితం అదే. "సదరు వాహనము బయలుదేరిన చోటికే చేరినందున ప్రయాణము జరగలేదని నిర్ధారించడమైనది. జరగని ప్రయాణమునందు నిబంధనల ఉల్లంఘన సంభవించదు. కావున విరూపాక్షయ్య, తిప్పన్న, మారెక్క అనువారలపై ఎట్టి చర్యయూ అవసరము లేదు." అంబుజాక్షి గారి సంతకం. ఆవిడ అన్యాయం చేశారని నేను అనను.

ముప్పై ఒకటిన కారుని తుక్కు యార్డుకి నేనే తోలుకుపోయాను. దస్తగిరి రానన్నాడు. యార్డు గుమాస్తా ఒక కాగితం ఇచ్చాడు. నల్లదిన్నెలో బాగా పనిచేసిందని ఆ ట్రిప్పు షీటునే రాష్ట్రమంతా పెట్టారట. నింపాను. ఎక్కడి నుంచి: ఇంటి నుంచి. ఎక్కడికి: తుక్కు యార్డుకి. ఉద్దేశం: నలగ్గొట్టడానికి. కింద కొత్తగా ఇంకో గడి చేర్చారు. తిరుగు ప్రయాణం: లేదు.

గుమాస్తా ఒకటికి రెండుసార్లు చదివి, ముఖం విప్పార్చుకున్నాడు. "ఇట్ల రాయల్ల సార్. దినామూ వస్తారు, ఒగరన్నా సక్రంగా రాయరు," అని ముద్ర వేశాడు. ఆ బండి మీద నేను రాసిన కాగితాల్లో ఎవరూ తప్పు పట్టనిది అదొక్కటే.

తాళంచెవి బల్ల మీద పెట్టి, బస్సెక్కి ఇంటికి వచ్చాను. పొద్దున బయలుదేరింది ఇంటి నుంచే కాబట్టి, ఆ రోజు నేను ఎక్కడికీ పోలేదు.